మా అమ్మాయి లావోస్‌లో ఉంది, అత్తగారికేమో బెంగళూరని చెప్పాం. ఇప్పుడేం చేయాలి?

తెనాలి టీచరమ్మ:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మాకు ఒక్కతే కూతురు, ఇరవై అయిదేళ్ళది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. దసరాకి ఇంటికొచ్చి, బూరెలు తింటూ తింటూ, "అమ్మా, రిజైన్ చేశా. కొన్నాళ్ళు వియత్నాం, థాయ్‌లాండ్, లావోస్ తిరిగొస్తా" అంది. ఎవరితో అంటే ఒక్కదాన్నే అంది. ఎక్కడ ఉంటావంటే హాస్టల్లో అంది. "హాస్టలంటే లేడీస్ హాస్టలేగా?" అన్నారు మా ఆయన. ఆ రోజు సంగతి ఇంతకు మించి చెప్పను.

కార్తీకంలో బయల్దేరింది. వీపుకి ఒక సంచి, అందులో నేను కుక్కిపెట్టిన కందిపొడి, గోంగూర. డబ్బు తనదే, దాచుకున్న జీతం. నాకు భయం లేదని కాదు, మొదటి రాత్రి కునుకు పట్టలేదు. కానీ ఏళ్ళ తరబడి పిల్లలకి ఆసియా పటంలో మెకాంగ్ నది వేలుపెట్టి చూపించినదాన్ని. నా కూతురు ఆ నది మీద పడవెక్కుతానంటే వద్దనడానికి నోరు రాలేదు.

అసలు గొడవంతా చుట్టాలతో. మా చెల్లెలి కొడుకు డల్లాస్ వెళ్తుంటే గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా రెండు కార్లలో వెళ్ళి సాగనంపాం, వీధంతా స్వీట్లు పంచాం. అదే మా అమ్మాయి లావోస్‌లో ఉందని తెలిసేసరికి మా పినత్తగారు అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చారు. సోఫాలో కూర్చుని గొంతు తగ్గించి, "తీసేశారా?" అని అడిగారు. లేదండీ, తనే మానేసిందంటే ఇంకా ఎక్కువ బాధపడ్డారు.

ఇక వాట్సాప్. లావోస్‌లో హువే సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి పడవలో రెండు రోజుల ప్రయాణం. మధ్యలో పాక్‌బెంగ్ అనే ఊళ్ళో రాత్రికి ఆగుతారు. నది మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుందని ముందే చెప్పింది. సరిగ్గా ఆ పూటే మా పెద్దన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు, లావోస్‌లో కల్తీ మందు తాగి టూరిస్టులు చచ్చిపోయారని. కింద "చూసుకోండి" అని ఒక్క ముక్క. మా ఆయన టీ తాగడం మానేసి ఫోన్ పట్టుకుని గుమ్మంలో కూర్చున్నారు. నేను కళ్ళజోడు పెట్టుకుని ఆ వీడియో మొదటినుంచీ చూశాను. వాంగ్ వియెంగ్ అనే ఊళ్ళో 2024 నవంబరులో జరిగిన సంగతి అది. మిథనాల్ కలిసిన మందు తాగి ఆరుగురు విదేశీయులు పోయారు. జరిగింది నిజమే, పాపం కొందరు మా పిల్లకంటే చిన్నవాళ్ళు. కానీ అది నిన్నటి వార్త కాదు, మా అమ్మాయి అసలు ఆ ఊరే వెళ్ళలేదు. ఆ మాటే గ్రూపులో రాస్తే అన్నయ్య బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. మిగతావాళ్ళ ఏడుపు బొమ్మలు అప్పటికే పడిపోయాయి.

ఒక పెళ్ళి సంబంధం కూడా ఇలాగే పోయింది. వియత్నాంలో హా జాంగ్ కొండల్లో ఇది బైకు మీద వెనకాల కూర్చున్న ఫోటో ఇన్‌స్టాలో చూసి, ముందు కూర్చున్నది ఎవరని మధ్యవర్తి చేత అడిగించారు. అక్కడి డ్రైవరండీ, డబ్బులిస్తే తిప్పుతారు అని చెప్పాం. జాతకాలు కలవలేదని కబురొచ్చింది. మేం జాతకం ఇంకా ఇవ్వనేలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మా అత్తగారికి ఎనభై దాటాయి. బీపీ ఉంది గానీ మనిషి గట్టిది. "అమ్మకి మాత్రం చెప్పొద్దు, తట్టుకోలేదు" అని మా బావగారు మొదట్లోనే శాసించారు. అందుకని మనవరాలు బెంగళూరులోనే ఉందంటున్నాం. సంక్రాంతికి సెలవు దొరకలేదన్నాం. పండక్కి కూడా పంపని ఉద్యోగమేం ఉద్యోగమని ఆవిడ ఆ కంపెనీని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఈసారి మౌఢ్యం వల్ల బావగారి అబ్బాయి పెళ్ళి ఫాల్గుణంలో పెట్టుకున్నాం. దానికి మా అమ్మాయి వచ్చేస్తుంది. కానీ ఇంటినిండా జనం ఉంటారు, ఎవరో ఒకరు నోరు జారక మానరు. ఈలోపు మనమే చెప్పాలా? చెబితే ఎలా మొదలుపెట్టాలి? ఇలాంటిది ఎవరికైనా అనుభవమా?

సంచీ సవారీ:

టీచర్ గారూ, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. "ఈవిడని నాకు పరిచయం చెయ్యవే" అంది. నాది రాజమండ్రి. నేనూ ఇలాగే ఆగ్నేయాసియా తిరిగొచ్చినదాన్నే.

చుట్టాల మాట తర్వాత, ముందు పనికొచ్చే మాట. ఆ ఫోటోలో మీ అమ్మాయి వెనకాల కూర్చుంది చూశారా, దానికి మీరు సంబరపడాలి. మన ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం కిందిది. వియత్నాం వాళ్ళు గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కిందిది. అంటే మనవాళ్ళు అక్కడ పెద్ద బైకు అద్దెకి తీసుకుని నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క. పడి కాలు విరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ఈ మాటే చెప్పి చేతులు దులుపుకుంటారు. బైకు అద్దెకిచ్చేవాళ్ళు ఇవేమీ అడగరు, నవ్వుతూ తాళం చేతిలో పెడతారు. హా జాంగ్‌లో లోకల్ డ్రైవరు వెనకాల కూర్చోవడమే తెలివైన పని. ఆ సంబంధం వాళ్ళకి ఇది అర్థం కాకపోతే పోనివ్వండి. ఇంకొకటి, బైకుకైనా గదికైనా పాస్‌పోర్టు డిపాజిట్‌గా ఇవ్వొద్దని చెప్పండి. డబ్బు డిపాజిట్ ఇవ్వొచ్చు, జిరాక్స్ ఇవ్వొచ్చు.

రోజూ ఫోన్ చెయ్యాలనే నియమం పెట్టకండి. మా ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి ఫోన్ అని పెట్టారు. తొమ్మిదింటికి నేనెక్కడో సంతలో నూడుల్స్ తింటూ ఉంటాను, తొమ్మిదీ పదికల్లా ఇక్కడ మా నాన్న చొక్కా వేసుకునేవారు, ఎక్కడికెళ్దామనో మరి. తర్వాత మార్చుకున్నాం. ఊరు మారిన రోజు మాత్రం ఎక్కేముందు ఒక మెసేజ్, దిగాక ఒక మెసేజ్. బస్సు నంబరు, దిగబోయే చోటు పేరు. మిగతా రోజుల్లో దాని ఇష్టం.

మీరు ఫ్రెండ్స్ సంగతి రాయలేదు గానీ, అది కూడా మీ అమ్మాయికి తగులుతూనే ఉండి ఉంటుంది. మొదటి వారం అందరూ గుండె బొమ్మలు పెడతారు. నెలకి సగం మంది మాయం. ఒకమ్మాయి నన్ను మ్యూట్ చేసిందని వేరేవాళ్ళు చెబితే తెలిసింది, ఆఫీసులో కూర్చుని చూడలేకపోతున్నా అందట. కోపం రాలేదు, నేనైనా అంతేనేమో. తిరిగొచ్చాక ఫోటోలు చూపిస్తానంటే ఫోన్ నా చేతిలోంచి తీసుకుని బొటనవేలితో గబగబా జరిపేసి "సూపర్" అన్నారు. కూర్చోబెట్టి అడిగింది మా అమ్మమ్మ ఒక్కతే. వియత్నాంలో బౌద్ధులు చాలామంది పౌర్ణమికీ, చాంద్రమాసం మొదటి రోజుకీ మాంసం ముట్టరని చెబితే ఆవిడ మొహం చూడాలి. "మరి ఆ రోజు ఏం వండుకుంటారే?" అని మొదలుపెట్టి సోయా పనీరు పులుసు దాకా అడిగింది. మీ అత్తగారు కూడా ఆ బాపతే అని నాకు అనిపిస్తోంది. చెప్పెయ్యండి.

విశాఖ తీరం:

మేడమ్, మీ అన్నయ్య గారి వీడియో తర్వాత రాబోయేది ఏమిటో నేను చెప్పగలను. కంబోడియా వీడియో. మావైపు అందరి ఫోన్లలో తిరిగింది. అందుకే తేడా రాస్తున్నాను, గ్రూపులో పెట్టుకోండి.

2024 మేలో మా వైజాగ్ పోలీసులు బయటపెట్టిన కేసు అది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని ఏజెంట్లు డబ్బు కట్టించుకుని కుర్రాళ్ళని కంబోడియా పంపారు. దిగగానే పాస్‌పోర్టులు లాక్కుని, కాంపౌండులో పెట్టి, మన దేశంలోవాళ్ళకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. మయన్మార్‌లో మయావడి వైపు కూడా ఇదే దందా. 2025 మార్చిలో అక్కణ్ణుంచి 549 మంది భారతీయుల్ని థాయ్‌లాండ్ మీదుగా ఎయిర్‌ఫోర్స్ విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగం అనే ఎరకి చిక్కినవాళ్ళు. సొంత డబ్బుతో, రిటర్న్ టికెట్టుతో, ఊరూరా గుళ్ళు చూసుకుంటూ తిరిగే అమ్మాయి వ్యవహారం వేరు.

అలాగని భయమే లేదనను. హాస్టల్లోనో కేఫ్‌లోనో పరిచయమైనవాడు "నీకు కంప్యూటర్ పని వచ్చు కదా, మా ఆఫీసులో మంచి జీతం, వీసా మేమే చూస్తాం" అంటే ఆ రోజే ఊరు మార్చెయ్యమనండి. ఉద్యోగం మానేసి డబ్బు కరిగిపోతున్న సాఫ్ట్‌వేర్ పిల్లలే వాళ్ళకి కావలసింది. థాయ్‌లాండ్‌లో ఆ మయావడికి ఎదురుగా ఉండే మే సొట్ సరిహద్దు వైపు సరదాకి కూడా పోవద్దనండి. ఆ దేశాల్లో మన ఎంబసీల ఎమర్జెన్సీ నంబర్లు మీ ఫ్రిజ్ మీద అంటించుకోండి. మీ అమ్మాయి ఫోన్లో ఎలాగూ ఉండి ఉంటాయి, మీ దగ్గర ఉండటం ముఖ్యం.

కరకట్ట మాస్టారు:

అందరూ భేష్ భేష్ అంటున్నారు, నేను అనను. ఆడపిల్ల, ఒక్కతే, పరాయి దేశం, పైగా పని మానుకుని. నా మనవరాలైతే ఒప్పుకునేవాణ్ణి కాదు. పాతకాలం మనిషినే, అనుకోండి.

కానీ అమ్మా, మీ బావగారు చేసింది అంతకన్నా తప్పు. నేను రైల్వే మెయిల్‌లో చేసి రిటైరయ్యాను. బండి కదులుతుంటే ఉత్తరాలు గళ్ళలో వేసేవాళ్ళం. అస్సాంలో మిలిటరీలో ఉన్న కొడుకు రాసిన కార్డు గుడివాడలో తల్లికి ఎన్నాళ్ళకి చేరేదో నాకు తెలుసు. ఆ తల్లులు బతికారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని సామెత. మా తాతమ్మ కాశీ వెళ్తుంటే ఊరు ఊరంతా పొలిమేర దాకా వెళ్ళి ఏడ్చి సాగనంపారట. ఆవిడ గంగ చెంబుతో తిరిగొచ్చి మళ్ళీ వ్యవసాయం చూసుకుంది. మీ అత్తగారు ఆ కాలానికి దగ్గర మనిషి. తట్టుకోలేనిది ఆవిడ కాదు, వాట్సాప్‌లో రెండు గీతలు నీలం కాకపోతే కుదేలైపోయే మీ తరం. ఆవిడ పేరు చెప్పి మీ బావగారు తన భయం దాచుకుంటున్నాడు.

పెళ్ళిలో వంటవాళ్ళ ముందు తెలిస్తే అది మనవరాలు వెళ్ళినందుకు కాదు, తనని లెక్కచెయ్యనందుకు జరిగే గొడవ అవుతుంది. ముందే చెప్పండి. మీ ఆయన చెప్పాలి, మీరు కాదు. కోడలు చెబితే కోడలిదే తప్పవుతుంది.

ఓరుగల్లు పిల్ల:

టీచరమ్మా, మీరు గంత పరేషాన్ కాకుర్రి. మా ఇంట్ల కూడా ఇదే లొల్లి అయింది. మా చెల్లె దోస్తులతోని నేపాల్ పోయింది, 2025 సెప్టెంబర్ల. ఆడ పిలగాళ్ళు రోడ్ల మీదికొచ్చి పార్లమెంటు తగలవెట్టిర్రు గదా, గప్పుడు కాఠ్మండూలనే ఉన్నది. ఎయిర్‌పోర్టు బంద్. మా అమ్మ అన్నం ముట్టలె. మా పెదనాయిన వచ్చి "నేను ముందే చెప్పిన" అని కూసున్నడు. ఆయన ముందు ఏం చెప్పలే, నాకు యాదికుంది.

మా నాయిన దుబాయ్‌ల చేసి చేసి అక్కడనే తల తెల్లగైంది. ఆయన పోతున్నప్పుడు అందరు దావత్ చేసి పంపిర్రు. ఎండల పనిచేస్తడా, రూముల ఎంతమంది పంటరు, ఒక్కలు అడగలె. ఎందుకంటె పైసల్ వస్తయ్ గదా. చెల్లె సొంత పైసల్తోని వారం రోజులు తిరిగొస్తనంటె మాత్రం అందరికి ప్రాణాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పని మీద పోతె ఎంత దూరమైనా దగ్గరనే, ఊకె పోతె పక్క దేశం గూడ దూరమే. మా నాయిన ఒక్కడే గా రాత్రి ఫోన్ల చెల్లెతోని "బిడ్డా, హోటల్ల నీళ్ళు, బిస్కెట్లు తెచ్చి పెట్టుకో, ఫోన్ చార్జింగ్ తక్కువ వాడు, బయటికి పోకు" అని నిమ్మలంగ చెప్పిండు. పరాయి దేశంల ఉన్నోనికే తెలుస్తది ఏం చెప్పాల్నో. ఎయిర్‌పోర్టు తెరిచినంక మంచిగనే వచ్చింది.

గందుకని, మీ అత్తమ్మకు చెప్పేటప్పుడు మీ చుట్టాలల్ల బయట దేశంల పనిచేసొచ్చినోళ్ళు ఎవరన్న ఉంటె పక్కన కూసోవెట్టుకోర్రి. మీ అన్నలను కూసోవెట్టకుర్రి.

తెనాలి టీచరమ్మ:

అందరికీ పేరు పేరునా జవాబు రాయలేకపోయాను, హాఫ్ ఇయర్లీ మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే పనిలో ఉన్నాను. విశాఖ తీరం గారూ, మీరన్నట్టే మర్నాడే కంబోడియా వీడియో వచ్చింది. మీరు రాసింది యథాతథంగా కింద పెట్టాను. మాస్టారూ, మీ మాట కొంచెం గుచ్చుకుంది గానీ మా ఆయనకి చూపించాను. చదివి, "ఈయనెవరో మా అన్నయ్యని బాగా ఎరిగినవాడిలా ఉన్నాడు" అన్నారు.

చెప్పేశాం. ఆదివారం పొద్దున కాఫీలయ్యాక. నేను స్కూలు నుంచి ఆసియా పటం తెచ్చి మంచం మీద పరిచాను. మాటలు మాత్రం మా ఆయనే చెప్పారు, తడబడుతూ. అత్తగారు పటం వైపు చూడనేలేదు, ఆయన మొహమే చూశారు. చివరికి "అయితే సంక్రాంతికి ఆ కంపెనీవాణ్ణి ఉత్తపుణ్యానికి తిట్టానన్నమాట" అన్నారు. అంతే, లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. మాతో మాట మామూలుగానే ఉంది గానీ బావగారు ఫోన్ చేస్తే తీసుకోలేదు. "వాడికి చెప్పు, నా గుండె నా దగ్గరే ఉంది, వాడి దగ్గర దాచుకోమని ఇవ్వలేదు" అన్నారు. మాస్టారు చెప్పిన లెక్క సరిగ్గా అలాగే తేలింది.

తర్వాత ఒక సాయంత్రం తనే వీడియో కాల్ చెయ్యమన్నారు. మొదటి ప్రశ్న ఏమనుకున్నారు? "ఆ పడవలో మరుగుదొడ్డి ఉందా?" ఉంది నాయనమ్మా, వెనకాల అంది మా అమ్మాయి. "తలుపుకి గడియ?" గడియ కూడా ఉందట. రెండో ప్రశ్న డబ్బు. హాస్టల్లో మంచానికి రాత్రికి ఆరేడు వందలంటే, తెనాలి లాడ్జిలో అంతకంటే ఎక్కువే అని మా ఆయన వైపు తిరిగి చెప్పారు. లువాంగ్ ప్రబాంగ్‌లో తెల్లారకముందే బౌద్ధ సన్యాసులు వరసగా వీధుల్లోకి వస్తారని, ఊళ్ళోవాళ్ళు చాపల మీద కూర్చుని జిగురన్నం ముద్దలు వాళ్ళ పాత్రల్లో వేస్తారని అది చెబితే, "మన మాధుకరం లాగానే" అని, ముద్ద కూరతో కలిపి వేస్తారా ఉత్తదేనా అని అడిగారు. ఉత్తదేనట. పిల్లని ఒక్కమాట తిట్టలేదు. ఫోన్ పెట్టాక నన్ను మాత్రం అడిగారు, ఇంకేమైనా దాచావా అని.

ఇప్పుడు కొత్త పని పడింది. పెళ్ళికి వచ్చేముందు కంబోడియాలో అంగ్‌కోర్ వాట్ చూసొస్తానంటోంది. అది విష్ణుమూర్తి కోసం కట్టిన గుడి అని నేను నోరుజారాను, సూర్యవర్మ, 12వ శతాబ్దం అని పాఠంలా. అత్తగారు అది ఫోన్లో తనకి చూపించాల్సిందేనని పట్టుబట్టారు. టికెట్టు ఒకరోజుది 37 డాలర్లు, మూడురోజులది 62 అట. ఒక్కరోజు చాలదా? సంచీ సవారీ, నువ్వు వెళ్ళావా అమ్మా?

సంచీ సవారీ:

వెళ్ళానండీ. మూడు రోజులదే తీసుకోమనండి. వరసగా మూడు రోజులు వాడాలనేం లేదు, పది రోజుల్లోపు ఎప్పుడైనా మూడు రోజులు వెళ్ళొచ్చు. అంగ్‌కోర్ వాట్ ఒక్కటే కాదు కదా, బయోన్, తా ప్రోమ్ గుళ్ళు అన్నీ ఆ టికెట్టులోనే. టికెట్టు అధికారిక కౌంటరులోనో వాళ్ళ వెబ్‌సైట్‌లోనో తప్ప ఇంకెక్కడా కొనొద్దు, దాని మీద మన ఫోటో ఉంటుంది. గుడి పై అంతస్తుకి ఎక్కాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉండాలి.

దారి గురించి ఒక మాట. థాయ్‌లాండ్ నుంచి రోడ్డు మీద వెళ్దామనుకుంటే వద్దనండి. 2025లో థాయ్, కంబోడియా సైన్యాల మధ్య కాల్పులు జరిగాయి, ఆ సరిహద్దు మూసేశారు. లావోస్ నుంచే విమానంలో, అంగ్‌కోర్ వాట్ పక్కనుండే సియెమ్ రీప్ ఊరికి వెళ్ళడం మేలు. లావోస్ దక్షిణపు కొస నుంచి రోడ్డు దారి ఉంది గానీ బాగా అలసిపోతుంది, పెళ్ళి ముందు ఆ తిప్పలెందుకు.

అత్తగారికి చూపించాల్సింది గోపురాలు కాదు, అవి ఫోన్లో చిన్నగా కనిపిస్తాయి. తూర్పు వైపు గ్యాలరీలో క్షీరసాగర మథనం ఉంటుంది, దాదాపు 49 మీటర్ల పొడవున రాతి గోడ మీద చెక్కారు. ఒకవైపు దేవతలు, ఇంకోవైపు రాక్షసులు, వాసుకిని పట్టుకుని లాగుతుంటారు, మధ్యలో విష్ణువు, కింద కూర్మం. ఫోన్ పట్టుకుని ఈ చివరనుంచి ఆ చివరకి మెల్లగా నడవమనండి. తూర్పు కాబట్టి పొద్దున్నే వెలుతురు బాగుంటుంది, జనం కూడా అప్పటికి ఇంకా పడమటి వైపే ఉంటారు. అక్కడ ఏడున్నర అంటే మనకి ఆరు. అత్తగారు అప్పటికి లేస్తారా?

తెనాలి టీచరమ్మ:

నాలుగింటికే లేస్తారమ్మా. మమ్మల్నే లేపుతారు.